టైడీ టిప్స్ విత్తనాలు: రెండు ప్యాకెట్లు, మూడు ఉగాదులు

రెండు ప్యాకెట్లు కొన్నాను. ఒకటి ఇక్కడ కాలిఫోర్నియాలో, మేముండే ఫ్రీమాంట్‌లోనే ఒక పెద్ద దుకాణంలో, నీళ్ల గొట్టాలూ పారలూ అమ్మే వరస చివర, మూడు డాలర్లకి. రెండోది సముద్రం పక్కన స్థానిక మొక్కల విత్తనాలు మాత్రమే పండించి అమ్ముకునే ఒక చిన్న తోట నుంచి పోస్టులో తెప్పించుకున్నాను, పోస్టు ఖర్చు కాకుండా అయిదు డాలర్లు. రెండింటి మీదా ఒకే పువ్వు బొమ్మ. పసుపు రేకులు, ప్రతి రేకుకీ చివర తెల్ల అంచు. ఇంగ్లీషులో టైడీ టిప్స్ అంటారు, శాస్త్రం పేరు లేయా ప్లాటిగ్లాసా. మొదటి రకం ప్యాకెట్ కొనొద్దని చెప్పడానికీ, రెండోది కొన్నవాళ్లకి ఆ ప్యాకెట్ చెప్పని సంగతులు చెప్పడానికీ ఇది రాస్తున్నాను. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, బే ఏరియాలో ఇంటి ముందు పచ్చిక తీసేసి ఆ చోట ఏం వెయ్యాలా అని ఆలోచిస్తున్న తెలుగువాళ్లు నాకే పదిమంది దాకా తెలుసు. ముఖ్యంగా వాళ్ల కోసం.

నాది చీరాల. మా నాన్నకి వాడరేవు దారిలో మూడెకరాల ఇసుక నేల ఉండేది. వేరుశనగ, ఒక్కో ఏడు నువ్వులు, గట్ల మీద జీడిమామిడి. ఊళ్లో ఏ వీధిలోకి వెళ్లినా మగ్గం చప్పుడే. అందుకే కాబోలు, దుకాణంలో ఆ బొమ్మ చూడగానే నాకు ముందు గుర్తొచ్చింది చీర. తెల్ల అంచు పసుపు చీర, పండగ పూట కట్టేది. వెంటనే తీసుకున్నాను.

మా అబ్బాయి వాళ్ల ఇంటి ముందు పచ్చిక 2015 కరువులో పోయింది. ఆ ఏడు నీటి వాడకం 25 శాతం తగ్గించాలని గవర్నరు ఆదేశం ఇచ్చారు. పచ్చికకి నీళ్లు ఆపేశారు, అది ఎండిపోయింది, తర్వాత ఎవరూ దాని జోలికి పోలేదు. నేను 2021లో వచ్చేసరికి అక్కడ గట్టి నేల, అడ్డదిడ్డంగా పెరిగిన గడ్డి. వెనక పెరట్లో గోంగూర, బీర, దోస వేసుకున్నాను. ముందున్న ఇరవై అడుగుల మడిని పూలకి ఉంచాను.

ఇక మొదటి ప్యాకెట్. 2022 మార్చిలో చల్లాను, ఎందుకంటే ప్యాకెట్ వెనక అలాగే రాసి ఉంది: వసంతంలో, మంచు భయం తీరాక, సారవంతమైన నేలలో. సారం అన్నారు కదా అని పశువుల ఎరువు రెండు బస్తాలు తెచ్చి కలిపాను. రెండు వారాల్లో మొలిచాయి. ఏప్రిల్ మధ్యకి వానలు పూర్తిగా ఆగిపోయాయి. రోజూ సాయంత్రం గొట్టం పట్టుకుని నీళ్లు పోశాను. మొక్కలు బలంగా, ముదురాకుపచ్చగా, మోకాలెత్తు పెరిగి పక్కకి వాలిపోయాయి. అన్నీ ఆకులే. వాటికన్నా ఎరువు తిన్నది గడ్డి. జూన్ రాకముందే నేను లెక్కపెట్టుకున్న తెల్ల అంచు పూలు తొమ్మిది. మిగతావి నీలం పూలు, కార్న్‌ఫ్లవర్లు. అవీ చామంతి కుటుంబమే, అందంగానే ఉంటాయి, కానీ అవి ఐరోపా మొక్కలు. ప్యాకెట్ ముందువైపు పెద్ద అక్షరాలతో కాలిఫోర్నియా అడవి పూలు అని ఉంది. వెనక మడత కింద, కళ్లజోడు పెట్టుకుని చూస్తే కనబడేంత చిన్న అక్షరాల్లో, మిశ్రమం అని ఉంది.

ఇది నాకు నిజంగా కోపం తెప్పించింది. మూడు డాలర్ల గురించి కాదు. విత్తనం అమ్మేవాడు బస్తా మీద ఒకటి రాసి లోపల ఇంకోటి పోస్తే మా ఊళ్లో అతని దగ్గర మళ్లీ ఎవరూ కొనరు. పైగా ఏ ఊళ్లో ఎప్పుడు చల్లాలో చెప్పకుండా దేశమంతటికీ ఒకే మాట అచ్చువేసి అమ్మడం. మంచు కురిసే చోట మార్చి తర్వాత విత్తడం సరైనదే. ఇక్కడ కాదు.

ఇక్కడి వాన లెక్క అర్థం కావడానికి నాకు ఒక ఏడు పట్టింది. ఫ్రీమాంట్‌లో ఏడాదికి సుమారు 15 అంగుళాల వాన. దాదాపు మొత్తం నవంబరు నుంచి ఏప్రిల్ లోపలే పడుతుంది. ఎండాకాలం అంటే చినుకే లేని కాలం. ఈ పువ్వు ఒక్క ఏడాది బతికే మొక్క. తొలి వానకి మొలిచి, చలికాలమంతా నేలకి అతుక్కుని ఆకుల చక్రంలా ఉండి, వేరు లోతుకి దించుకుని, వసంతంలో పూసి, వానలు ఆగగానే గింజ రాల్చి చచ్చిపోతుంది. ఆ గింజ ఎండాకాలమంతా దుమ్ములో పడుకుని ఉంటుంది. మార్చిలో చల్లితే ఆ మొక్కకి ఆరేడు నెలల బతుకుని రెండు నెలలకి కుదించినట్టు.

మనకిది కొత్త విషయం కాదు. కోస్తాలో ఈశాన్య వానల పదునుకి పైరు వేసిన వాళ్లం. నేను మనసులో పెట్టుకున్న లెక్క ఇది: కార్తీకంలో చల్లు, ఉగాదికి పువ్వు చూడు, వైశాఖం దాటాక గింజ ఏరుకో. ఇంగ్లీషు నెలలకన్నా ఈ లెక్కే నాకు బాగా కుదిరింది. అదను తప్పితే ఎంత మంచి విత్తనమైనా దండగే.

రెండో ప్యాకెట్ ఆ లెక్క తెలిసిన వాళ్లు కట్టింది. కాగితపు కవరు, మీద బొమ్మ కూడా చేత్తో గీసినట్టుంది. పువ్వు మామూలు పేరు, శాస్త్రం పేరు, ఏ జిల్లా సముద్రపు ఒడ్డు గింజల నుంచి పెంచిందీ, ఏ ఏడు కోసిందీ, అన్నీ రాశారు. తొలి వానలతో చల్లండి, గింజని లోతుగా కప్పొద్దు, నేలకి అదమండి అని మూడు ముక్కలు. అంతే. నాకు ఆ మూడు ముక్కలే చాలా నచ్చాయి. ఆ తోట పేరు ఇక్కడ రాయడం లేదు, ఇలాంటివి కాలిఫోర్నియాలో చాలా ఉన్నాయి. శరదృతువులో స్థానిక మొక్కల సంఘం వాళ్లు, అంటే కాలిఫోర్నియా నేటివ్ ప్లాంట్ సొసైటీ వాళ్లు, చోటుచోటా అమ్మకాలు పెడతారు. కాల్‌స్కేప్ అనే వాళ్ల వెబ్‌సైటులో మీ ఇంటి చిరునామా కొడితే ఆ చోట సహజంగా పెరిగే మొక్కల జాబితా వస్తుంది. ప్యాకెట్ ఎవరిదైనా సరే, శాస్త్రం పేరు, ఎక్కడి గింజ అన్నది, ఈ రెండూ ఉన్నాయా చూసి కొనండి.

కవరు విప్పి అరచేతిలో పోసుకుంటే గింజలు రెండు రకాలుగా కనిపించాయి. కొన్నింటికి కొసన తెల్లటి కుచ్చు, జిల్లేడు దూదిలా కాదు, పొట్టిగా బిరుసుగా. కొన్నింటికి కుచ్చే లేదు, నున్నగా నల్లగా ఉన్నాయి. మా మనవరాలు ఇవి వేరే మొక్కవేమో నానమ్మా అంది. నాకూ ముందు అదే అనుమానం వచ్చింది, మొదటి ప్యాకెట్ దెబ్బ తిన్నదాన్ని కదా. తర్వాత తెలిసింది, రెండూ ఒకే పువ్వువి. చామంతి కుటుంబంలో మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఎన్నో చిన్న పూల గుత్తి. చుట్టూ రేకుల్లా కనిపించేవి ఒక్కోటీ ఒక పువ్వు. మధ్య దిండులో ఉన్నవి మరో రకం పూలు. ఈ మొక్కలో మధ్య పూల గింజలకి కుచ్చు ఉంటుంది, అంచు పూల గింజలకి ఉండదు. అంటే కొన్ని తల్లి మొదట్లోనే రాలతాయి, కొన్ని కాస్త దూరం పోతాయి.

2022 కార్తీకంలో, వాన పడి వెలిసిన మర్నాడు పొద్దున చల్లాను. గింజలు నువ్వుల కన్నా సన్నం, చేత్తో చల్లితే ఒకే చోట కుప్పగా పడతాయి. నాన్న నువ్వులు చల్లేటప్పుడు ఇసుక కలిపేవాడు. నేనూ అలాగే ఒక వంతు గింజకి పదింతల ఇసుక కలిపి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా చల్లాను. పాత చెక్క ఒకటి వేసి దాని మీద నిలబడి అదిమాను. మట్టి కప్పలేదు. అంతకుముందు అక్టోబరులో ఒకసారి తడిపి, మొలిచిన గడ్డినంతా పీకేశాను. ఈ పని ప్యాకెట్ మీద లేదు, చెయ్యకపోతే మాత్రం గడ్డే గెలుస్తుంది.

పదకొండో రోజు మొలకలు. ఇక్కడ రెండో ప్యాకెట్ మీద నా మొదటి ఫిర్యాదు. నత్తల గురించి ఒక్క మాటైనా రాయాల్సింది. తడి రాత్రుల్లో నత్తలు, గుల్ల లేని నత్తలు వచ్చి మడి ఒక మూల మూలంతా కొరుక్కు తినేశాయి. పొద్దున పిట్టలు. నేను టార్చిలైటు పట్టుకుని రాత్రి తొమ్మిదింటికి నత్తలు ఏరడం, పగలు పాత దోమతెర కప్పడం, నెల రోజులు ఇదే పని. మా కోడలు ఆఫీసు నుంచి వచ్చి, చలిలో ఏంటి అత్తయ్యా ఇది, అంటూనే తనూ కూర్చుని ఏరింది.

ఆ చలికాలం వానలు మామూలు వానలు కావు. 2022 డిసెంబరు 31న బే ఏరియా అంతా రోడ్లు మునిగాయి. జనవరి అంతా ఒకదాని వెనక ఒకటి తుఫాన్లు. మడి మీద నీళ్లు పారుతుంటే గింజ, మొలక అన్నీ కాలవలో కలిసిపోయాయనే అనుకున్నాను. ఏమీ కాలేదు. ఆకు చక్రాలు రూపాయి బిళ్లంత వెడల్పున, సన్నటి నూగుతో, నేలకి కరుచుకుని అలాగే ఉన్నాయి.

ఉగాది మార్చి 22. ఆ రోజుకి విచ్చినవి మూడే పూలు. మూడింటినీ కోసి దేవుడి దగ్గర పెట్టాను. ఏప్రిల్ రెండో వారానికి మడి నిండిపోయింది. ఒక్కో మొక్కకి పదీ పన్నెండు పూలు, ఒక్కోటీ అర్ధ రూపాయి కన్నా కాస్త పెద్దది. దగ్గరికి వంగి చూస్తే ప్రతి రేకు కొసనా మూడు చిన్న పళ్లు, మధ్య పసుపు దిండులో నల్లటి చుక్కలు. ఆ చుక్కలు పుప్పొడి తిత్తులు. అంచు తెలుపు కూడా కలిసిపోయినట్టు ఉండదు. నేత అంచులా ఒక గీత దగ్గర పసుపు ఆగి తెలుపు మొదలవుతుంది. నీరెండలో నిలబడి చూస్తే చుట్టూ వీధి అంతా మర్చిపోతాను. ప్లాటిగ్లాసా అంటే గ్రీకు మాటలో వెడల్పాటి నాలుక అట. లేయా అన్నది బ్లాసమ్ అనే ఇంగ్లండు ఓడలో వచ్చిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు జార్జ్ ట్రెడెస్కంట్ లే పేరు మీద పెట్టింది. నాలుక మాట నాకు నచ్చింది కానీ ఇంట్లో మేము దాన్ని అంచు చామంతి అనే పిలుచుకుంటున్నాం.

ఎరువు సంగతి చెప్పాలి, ఎందుకంటే తోటపని తెలిసిన మనవాళ్లు మొదట చేసే తప్పు ఇదే. మడిలో సగానికి 2022లో వేసిన ఎరువు మిగిలే ఉంది, మిగతా సగం కొత్తగా తవ్వింది, ఉత్త గట్టి నేల. రెండు సగాలకీ ఒకే రోజు ఒకే గింజ. ఎరువు వేసిన వైపు మొక్క పొడుగు, ఆకు దట్టం, గడ్డి విపరీతం, పూలు పల్చన. ఉత్త నేల వైపు మొక్క జానెడు, పూలు మాత్రం ఒత్తుగా. నేలకి ఇంత పెడితే అంత పండుతుందని నమ్మి పెరిగిన నాకు ఇది మింగుడుపడలేదు. ఎందుకిలా అని మా అబ్బాయిని అడిగితే ఎడ్జ్‌వుడ్ తీసుకెళ్లాడు.

ఎడ్జ్‌వుడ్ పార్కు రెడ్‌వుడ్ సిటీ దగ్గర, 280 హైవే పక్కనే. అక్కడి కొండ మీద సర్పెంటైన్ అనే రాయి, పచ్చగా జారుడుగా ఉంటుంది, ఆ రాయి అరిగి తయారైన మట్టి. అందులో నైట్రోజన్ బాగా తక్కువ, నికెల్ లాంటి లోహాలు ఎక్కువ. ఐరోపా నుంచి వచ్చిన గడ్డి ఆ మట్టిలో బతకలేకపోయింది కనుకనే స్థానిక పూలు అక్కడ మిగిలాయి. మా అంచు చామంతీ, దాని చుట్టం గోల్డ్‌ఫీల్డ్స్ అనే చిన్న పసుపు పువ్వూ కలిసి అక్కడ పూస్తాయి. వాటి తేనె తాగే బే చెకర్‌స్పాట్ అనే సీతాకోకచిలుకని ప్రమాదంలో ఉన్నదిగా 1987లో ప్రభుత్వం గుర్తించింది. దాని గొంగళిపురుగు తినేది మన ఇసబ్‌గోల్ జాతికి చెందిన ఒక చిన్న మొక్క. హైవే మీద కార్ల పొగలోంచి వచ్చే నైట్రోజన్ ఆ కొండ మీద రాలి ఎరువులా పనిచేసింది. గడ్డి కమ్ముకుంది, పూలు తగ్గాయి, సీతాకోకచిలుక అక్కడ కనిపించకుండా పోయింది. తర్వాత శాన్‌హోసే దగ్గరి కోయోటీ రిడ్జ్ నుంచి గొంగళిపురుగుల్ని తెచ్చి మళ్లీ వదిలారు. కార్ల పొగ నైట్రోజన్ వల్లే గడ్డి కమ్ముకుంటోందని స్టూవర్ట్ వైస్ అనే శాస్త్రవేత్త 1999లోనే వివరించారు. ఆవులు మేసిన చోట గడ్డి అదుపులో ఉండి పూలు నిలబడ్డాయని కూడా ఆయనే చూపించారు.

అది విన్నాక మా మడి నాకు అర్థమైంది. నేను రెండు బస్తాల ఎరువుతో చేసిందే అక్కడ హైవే చేసింది. తిరిగి రాగానే ఎరువు వేసిన సగం పై మట్టి తీసి గోంగూర మడిలో పోశాను. కాబట్టి ఈ విత్తనాలు కొనేవాళ్లకి నా మొదటి మాట: ఎరువు వద్దు, కంపోస్టు వద్దు, కొత్త మట్టి బస్తా వద్దు. ఏ ప్యాకెట్ మీదా ఇది రాయలేదు. రాసి ఉంటే నాకు ఒక ఏడు కలిసొచ్చేది.

పువ్వు దాని సొంత చోట ఎలా ఉంటుందో చూడాలనిపించి అదే వసంతంలో పాయింట్ రేయిస్ వెళ్లాం. చిమ్నీ రాక్ అనే కొండకొన, మూడు పక్కలా పసిఫిక్ సముద్రం. తల మీద టోపీ నిలవనంత గాలి. అక్కడ ఇదే జాతి మొక్క బెత్తెడు ఎత్తు కూడా లేదు. నేల మీద పాకుతూ, ఆకు కాస్త మందంగా, పువ్వు మాత్రం మా ఇంట్లోదంత. గాలికి తలెత్తకుండా పెరగడం దానికి అలవాటు. వాడరేవు ఇసుకలో పాకుతూ పూసే చిన్న పసుపు పువ్వు ఒకటి ఉంటుంది, అదీ ఇలాగే చామంతి కుటుంబం, అదీ ఇలాగే నేల విడవదు. అరవై ఏళ్ల వయసులో, ఏడు సముద్రాల అవతల, అమ్మ చెయ్యి పట్టుకుని ఆ ఇసుకలో నడిచిన రోజు గుర్తొచ్చి కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. మా అబ్బాయి ఏమైందమ్మా అన్నాడు. ఏం లేదురా, గాలి, అన్నాను.

అక్కడే ఇంకో చుట్టం గురించి తెలిసింది. బీచ్ లేయా, అంటే లేయా కార్నోసా. దానికి పొట్టి తెల్ల రేకులు, కండ పట్టిన ఆకులు. ఉత్త ఇసుక దిబ్బల్లో మాత్రమే బతుకుతుంది. ఇసుక కొట్టుకుపోకుండా ఒకప్పుడు ఐరోపా నుంచి తెచ్చి నాటిన ఒక గడ్డి ఆ దిబ్బలన్నిటినీ కమ్మేసింది. కదిలే ఇసుక లేకపోతే ఈ మొక్కకి చోటు లేదు. 1992లో దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్కగా చేర్చారు. ఉత్తరాన హంబోల్ట్ తీరంలోనూ పాయింట్ రేయిస్‌లోనూ ఆ గడ్డిని పీకి దిబ్బల్ని మళ్లీ వదులు చేశాక పరిస్థితి కొంత మెరుగుపడింది, 2022లో ప్రమాద స్థాయిని ఒక మెట్టు తగ్గించారు. ఇది విన్నప్పుడు మా తీరం పొడుగునా ఇసుక ఆపడానికి వేసిన సరుగుడు తోటలు కళ్లముందు మెదిలాయి. వాటి కింద చిన్నప్పుడు ఏ పువ్వు మొలిచి ఉండేదో మేమెవరం చూడలేదు. సరుగుడు ఆకు పరుపులా రాలిన చోట ఏదీ మొలవదు. ఈ బీచ్ లేయా గింజలు అమ్మకానికి ఎవరైనా పెడితే దయచేసి కొనకండి, దిబ్బల్లో కనిపించినా దారి దిగి తొక్కకండి.

సముద్రం దాకా పోనక్కర్లేదు. మా ఇంటికి నాలుగైదు మైళ్లలో, వార్మ్ స్ప్రింగ్స్‌లో, కార్ల ఫ్యాక్టరీకి అవతల, చలికాలపు వానకి నిండి వసంతానికి ఎండిపోయే చిన్న గుంటలున్నాయి. డాన్ ఎడ్వర్డ్స్ వన్యప్రాణి ఆశ్రయంలో భాగం. ఆ గుంటల అంచున కాంట్రా కోస్టా గోల్డ్‌ఫీల్డ్స్ పూస్తుంది, 1997 నుంచి అంతరించే జాబితాలో ఉంది. మామూలు రోజుల్లో లోపలికి రానివ్వరు, వసంతంలో ఎప్పుడైనా వాళ్లే తీసుకెళ్లి చూపిస్తారు. వార్మ్ స్ప్రింగ్స్‌లో ఎన్ని తెలుగు కుటుంబాలున్నాయో మీకు తెలుసు. వాళ్లలో నేను అడిగిన వాళ్లెవరికీ ఈ పువ్వు సంగతి తెలియదు.

మళ్లీ ప్యాకెట్ దగ్గరికి వస్తాను. రెండో ఫిర్యాదు: జూన్ గురించి చెప్పకపోవడం. మే చివరికి మడి గోధుమరంగు తిరిగి, చచ్చిన మొక్కలతో చూడ్డానికి బాగోదు. పక్కింటాయన మర్యాదగానే అడిగాడు, శుభ్రం చేయిస్తారా అని. అప్పుడు పీకేస్తే వచ్చే ఏటి గింజ పోయినట్టే. కాయ ఎండి, తాకితే రాలేదాకా ఆగాలి, ఇక్కడ అది జూన్ రెండో వారం. నేను కొన్ని మొక్కల్ని మొదలంటా కోసి, పాత దుప్పటి మీద దులిపి, చేటలో చెరిగాను. కుచ్చున్న గింజ గాలికి లేస్తుంది కాబట్టి నెమ్మదిగా చెరగాలి. మిగతాది మడిలోనే రాలనిచ్చాను. ఒక అయిదు డాలర్ల ప్యాకెట్ నుంచి అర గ్లాసు గింజ వచ్చింది. డబ్బుకి తగ్గ విలువ అంటే ఇదే. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, అప్పటికి మడి నిండుగా పూసి ఉంది, నేను గింజ చల్లకుండానే. 2025లో కాలిబాట పగుళ్లలో కూడా మొలిచింది. నీళ్లు పెట్టింది రెండేళ్లలో నాలుగుసార్లు, అదీ జనవరిలో వాన మొహం చాటేసిన రోజుల్లో.

పూజకి పనికొస్తాయా అని అడిగేవాళ్లు ఉంటారు. కోసి నీళ్లలో పెడితే అయిదారు రోజులుంటాయి, రాగి చెంబులో చాలా బాగుంటాయి. దండకి మాత్రం కుదరవు. చామంతిలా మధ్యలో సూది దిగే గట్టితనం లేదు, కాడ బంకగా ఉంటుంది. వాసన ఉంది, దగ్గరికి తీసుకుంటే తెలిసే పాటి పచ్చి వాసన. తేనెటీగలు మాత్రం పొద్దున పదింటి నుంచి వదలవు. మా గోంగూర పక్కన వేసిన బీరకి ఆ రెండేళ్లూ పిందె బాగా నిలిచింది, అది వీటివల్లనే అని నా నమ్మకం.

మొదటి రకం మిశ్రమం ప్యాకెట్‌కి ఒక నక్షత్రం, మొలిచినందుకు. రెండో ప్యాకెట్‌కి నాలుగు. ఎరువు వద్దనీ, నత్తల్ని చూసుకోమనీ, జూన్ దాకా పీకొద్దనీ ఆ కవరు మీద ఇంకో మూడు ముక్కలు రాస్తే అయిదూ ఇస్తాను. ఈ సంగతి వాళ్లకి ఉత్తరం కూడా రాశాను, మా మనవరాలు ఇంగ్లీషులో పెట్టింది. దగ్గర్లో ఉన్నవాళ్లకి నా దగ్గర గింజ ఉంది, కార్తీకం లోపల వస్తే పొట్లం కట్టి ఇస్తాను, ఇసుక కూడా కలిపి.

మా చెల్లెలు చీరాల నుంచి ఫోన్లో ఆ పూలు చూసి తనకీ కాసిని గింజలు పంపమంది, వచ్చేవాళ్ల చేతికిచ్చి. నేను ఇవ్వనన్నాను. చాలా నొచ్చుకుంది. ఇంత గింజకి ఏమొచ్చింది అక్కా అంది. వయ్యారిభామ గుర్తుందా అని అడిగాను. అదీ చామంతి కుటుంబమే, అదీ అమెరికా నుంచే, పుణే దగ్గర 1950ల్లో కనిపించి ఇప్పుడు మన పొలం గట్లన్నీ దానివే. మా నాన్న చేతులు దాని వల్ల దద్దుర్లెక్కి రాత్రిళ్లు నిద్రపోయేవాడు కాదు. ఈ పువ్వు అలా చేస్తుందని నేను అనడం లేదు, పైగా అనుమతి కాగితాలు లేకుండా గింజ దేశం దాటించడం తప్పు. అదే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పెరట్లోకి వెళ్లి, బావి గట్టు పక్కన పూసిన గడ్డిచామంతి ఫొటో తీసి పంపింది. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే అమ్మ దాని ఆకు నలిపి పసరు పిండేది. లేత పసుపు రేకులు, కొసన మూడు పళ్లు. దాని పుట్టిల్లు కూడా ఈ అమెరికా ఖండమే అని తనకి చెప్పాను. ఆ ఫొటో ఇప్పుడు మా ఫ్రిజ్ మీద, అంచు చామంతి ఫొటో పక్కన ఉంది.